వల అల్లుకున్నాక టబ్బు మూత తెరుచుకోదు, అది ముందే చూసుకోండి

మీ ప్రశ్న చదివాను. అద్దె ఇల్లు, మూడో అంతస్తు పైన మేడ, గోడకు మేకు కూడా కొట్టనివ్వని ఓనరు, ఆపైన గాలి. అందుకని 60 లీటర్ల ప్లాస్టిక్ టబ్బులో మట్టి లేకుండా, పోషకాలు కలిపిన నీళ్లలో వేర్లు వదిలి చెర్రీ టమాటా పెట్టి, మూతకు అడుగు ఎత్తులో అడ్డంగా వల కట్టి, మొక్కను పైకి పోనివ్వకుండా పక్కలకు పాకిద్దామంటున్నారు. ఒక టబ్బులో నాలుగు మొక్కలు పెట్టొచ్చా, గాలి పంపు ఎంతది కావాలి, నత్రజని, భాస్వరం, పొటాష్ సమానంగా ఉండే 19:19:19 ఎరువు సరిపోతుందా అన్నవి మీ ప్రశ్నలు.

ఆలోచన బాగుంది. హైదరాబాద్‌లో మా మేడ మీద ఎనిమిదేళ్లుగా నేను చేస్తున్నదీ దాదాపు ఇదే. మూడింటికీ జవాబు చెప్తాను. కానీ మీరు అడగని నాలుగోది ఒకటుంది, దాన్నిబట్టే మిగతావన్నీ ఉంటాయి. కొమ్మలు వలలో అల్లుకున్నాక ఆ మూత ఇక తెరవలేరు. మొక్క మూతకు బిగించిన చిల్లుల కప్పులో (నెట్ పాట్) ఇరుక్కుని ఉంటుంది, తల వలలో చిక్కుకుని ఉంటుంది. మూత రెండంగుళాలు లేపినా ఎక్కడో ఒక కొమ్మ టప్పున విరుగుతుంది. అక్కడి నుంచి నాలుగు నెలలు మీరు చేయాల్సిన పనులన్నీ, అంటే నీళ్లు మార్చడం, వేర్లు చూడడం, గాలి రాయి (పంపు గాలిని నీళ్లలో బుడగలుగా వదిలే చిన్న రాయి) మార్చడం, మూత తీయకుండానే జరగాలి.

నా మొదటి టబ్బుకు ఈ సంగతి తట్టలేదు. మొక్క అద్భుతంగా వచ్చింది. డిసెంబరులో ఒక మధ్యాహ్నం చూస్తే ఆకులన్నీ వేలాడిపోతున్నాయి. టబ్బు నిండా నీళ్లున్నాయి, పంపు గుర్రుమంటూ తిరుగుతూనే ఉంది. ఎండకేమో అనుకున్నాను. సాయంత్రానికీ తేరుకోలేదు, మర్నాడు పొద్దున్నా అంతే. చివరికి కత్తెరతో వల కోసి మూత లేపాను. కుళ్లిన కోడిగుడ్డు వాసన గుప్పుమంది. వేర్లు టీ డికాక్షన్ రంగులో జిగురుగా ఉన్నాయి. ఒక వేరును రెండు వేళ్లతో పట్టి లాగితే పైపొర ఊడి చేతికొచ్చింది, లోపల దారం లాంటి ఈనె మిగిలింది. అలా ఊడిందంటే వేరుకుళ్లు పూర్తిగా పట్టేసినట్టే. కారణం ఏమిటంటే, బోరు నీళ్ల ఉప్పు పేరుకుని గాలి రాయి మూసుకుపోయింది. పంపు మోగుతోంది గానీ బుడగ రావడం లేదు. మూత తెరిచే వీలుంటే పది రోజుల ముందే కనిపించేది.

అందుకని టబ్బు దగ్గర మొదలుపెడదాం.

టబ్బు ముదురు రంగుది, వెలుతురు చొరబడనిది తీసుకోండి. ఎండలో చేయి లోపల పెట్టి బయటి నుంచి చూస్తే నీడ కనిపించకూడదు. పారదర్శకంగా ఉన్న బట్టల పెట్టెల జోలికి పోవద్దు, పది రోజుల్లో లోపలంతా పచ్చటి పాచి పడుతుంది. నలుపైతే వేడెక్కుతుంది కాబట్టి బయట తెల్ల పెయింటు వేయండి. పాత ఇనప సామాన్ల కొట్లో దొరికే నీలం డ్రమ్ములు గట్టివే, కానీ లోపల ఇంతకుముందు ఏం పోశారో తెలియకపోతే తినే పంటకు వాడొద్దు. గోడలు పలుచగా ఉన్న టబ్బయితే అందులో పోసే 45 లీటర్ల నీటి బరువుకు మధ్యలో ఉబ్బుతుంది, మూత అంచులు ఊడొస్తాయి. చుట్టూ ఒక బెల్టు బిగిస్తే ఆగుతుంది.

ఇప్పుడు మూత. దాన్ని రంపంతో రెండు ముక్కలు చేయండి. మూడింట రెండు వంతుల ముక్కలో మొక్క కప్పు ఉంటుంది, అది కదలదు. మిగిలిన మూడో వంతు మీ కిటికీ. వల అడుగు ఎత్తున ఉంటుంది కాబట్టి పక్క నుంచి చేయి పెట్టి ఆ చిన్న ముక్కను లాగేస్తే వేర్లు కనిపిస్తాయి, ముట్టుకోవచ్చు కూడా. కోసిన సందు మీద నల్ల టేపు అతికించండి, వెలుతురు ఆగాలి, దోమా ఆగాలి. దోమ మాట తేలిగ్గా తీసుకోకండి. మూతలో చిటికెన వేలు పట్టే కన్నం మిగిలినా లోపల దోమ గుడ్లు పెడుతుంది. వర్షాకాలంలో డెంగీ భయంతో చుట్టుపక్కల వాళ్లు మీ టబ్బు వైపే చూస్తారు, ఆ చూపులో తప్పు కూడా లేదు.

అడుగున నీళ్లు వదిలే కుళాయి తప్పనిసరి. ప్లంబింగ్ కొట్లో అరంగుళం ట్యాంక్ నిపిల్ అని అడగండి, దానికో బాల్ వాల్వు. నిపిల్ మర మందం కొలిచి, అంతకే కన్నం వేయండి, అడుగు నుంచి అంగుళం పైన. రబ్బరు వాషరు లోపలి వైపు. మర మీద టెఫ్లాన్ టేపు చుట్టి, చేత్తో బిగించి, ఆపైన పానాతో పావు చుట్టు చాలు. ఇంకా బిగిస్తే టబ్బు పగులుతుంది. అన్నీ అయ్యాక ఉత్త నీళ్లు నింపి ఒక రోజంతా వదిలేయండి. కింద పాత న్యూస్‌పేపర్ పరిస్తే ఒక్క చుక్క కారినా తెలిసిపోతుంది. ఈ పరీక్షను చాలామంది ఎగ్గొడతారు, తర్వాత పంట మధ్యలో ఎమ్‌సీల్ పట్టుకుని తిరుగుతారు.

గాలి రాయికి నేను వాడే ఉపాయం ఇది. అంగుళం పీవీసీ గొట్టం ముక్క ఒకటి మూతలోంచి టబ్బు అడుగు దాకా నిలువుగా దింపండి. దాని కింది సగానికి డ్రిల్లుతో చిల్లులు వేయండి. గాలి ట్యూబు, రాయి ఆ గొట్టంలోంచి దిగుతాయి. రాయి మూసుకుపోతే ట్యూబు పట్టి పైకి లాగి కొత్తది కట్టి దింపడమే. గొట్టం లేకుండా రాయిని ఊరికే నీళ్లలో వేస్తే, రెండు నెలలకు వేర్లు దాన్ని జడలా చుట్టేస్తాయి. అప్పుడు లాగితే వేర్లే వస్తాయి.

పంపు సంగతి. 45 లీటర్ల నీటికి నిమిషానికి 8 నుంచి 10 లీటర్ల గాలి ఇచ్చేది పెట్టుకుంటే నిశ్చింత. ఒక పెద్ద పంపు కంటే 4, 5 లీటర్ల అక్వేరియం పంపులు రెండు మేలు, ఒకటి పోయినా రెండోది నడుస్తుంది. పంపును నీటి మట్టం కంటే పైనే పెట్టండి. కింద పెడితే కరెంటు పోయినప్పుడు నీళ్లు ట్యూబులోంచి వెనక్కి వచ్చి పంపులోకి పోతాయి. ఎత్తులో పెట్టే చోటు లేకపోతే వెనక్కి రానివ్వని చిన్న వాల్వు అక్వేరియం కొట్లోనే ఇస్తారు. వైరును ప్లగ్గు దగ్గర కిందికి జారేలా వంపు తిప్పి వదలండి, వాన నీళ్లు వైరు వెంట పాకి సాకెట్లోకి పోకుండా ఆ వంపు దగ్గరే చుక్కలుగా కారిపోతాయి. మేడ మీద కరెంటు, కింద నీళ్లు. షాక్ కొడితే సరఫరా ఆపే ఈఎల్‌సీబీ లేని లైను మీద ఈ పని పెట్టుకోవద్దు.

పంపు లేకుండా కుదరదా అని కొందరు అడుగుతుంటారు. హవాయి విశ్వవిద్యాలయంలో బెర్నార్డ్ క్రాట్కీ అనే ఆయన పంపు లేని పద్ధతిని బాగా ప్రచారంలోకి తెచ్చారు. మట్టం తగ్గేకొద్దీ పైన మిగిలే ఖాళీలో వేర్లు గాలి పీలుస్తాయి. ఆకుకూరలకు చక్కగా పనిచేస్తుంది. రోజుకు లీటర్ల లెక్కన నీళ్లు తాగే కాపు టమాటాకు 60 లీటర్ల టబ్బులో అది నేను సిఫారసు చేయను. కానీ అందులోని కిటుకు మాత్రం వాడుకోండి. మొదట్లో నీళ్లు కప్పు అడుగును కొద్దిగా తాకాలి. వేర్లు అరచేయి పొడవు దిగాక మట్టాన్ని రెండు మూడంగుళాలు తగ్గించి, ఇక మళ్లీ ఆ గీత దాటి పోయకండి. పైన గాలిలో ఉన్న వేర్ల వల్ల చలికాలంలో కరెంటు కొన్ని గంటలు పోయినా మొక్క తట్టుకుంటుంది. కొత్తవాళ్లు టబ్బు ఖాళీగా ఉందని పాపం ప్రేమగా నిండా పోస్తారు, ఆ గాలి వేర్లు మునిగిపోతాయి.

మొక్కలు ఎన్ని? ఒక్కటి. నాలుగు వద్దు, రెండు కూడా వద్దు. కొమ్మలు సాగనిస్తే చెర్రీ టమాటా ఒక్కటే 4 అడుగులకు 3 అడుగుల వలను నవంబరు చివరికి నింపేస్తుంది. నాలుగు పెడితే ఆకుల మధ్య గాలి ఆడదు, తెల్లదోమ చేరుతుంది, ఆకుముడత వైరస్ వస్తుంది. మట్టి లేదు కదా తెగుళ్లు రావనుకోకండి, తెల్లదోమకు మట్టితో పనిలేదు. పసుపు జిగురు అట్టలు రెండు మొదటి రోజు నుంచే వేలాడదీయండి.

ఇక పందిరి. మనకు బీర, కాకర, పొట్ల పందిళ్లు అలవాటే కాబట్టి ఇది కొత్త విద్యేం కాదు, పొట్టి పందిరి అంతే. ఒక నియమం మాత్రం ఉంది. పందిరి కాళ్లు టబ్బు మీద గానీ మూత మీద గానీ ఆనకూడదు. నేను మొదటిసారి ఫ్రేమును మూతకే స్క్రూలతో బిగించాను. జూన్‌లో ఈదురుగాలికి వల తెరచాపలా పనిచేసి మూతను అడ్డంగా చీల్చేసింది. ఇప్పుడు నాలుగు పాత పెయింటు డబ్బాల్లో ఇసుక నింపి, ఒక్కోదాంట్లో ఒక కాలు నిలబెడతాను. ఓనరు గోడలతో పనిలేదు. అంగుళం పీవీసీ పైపు, మూలల్లో ఎల్బోలు. అతుకులకు జిగురు పూయకండి, ఒక్కో స్క్రూ వేసి వదిలేయండి. అద్దె ఇల్లు కదా, ఖాళీ చేసే రోజు విప్పి కట్టగట్టి పట్టుకుపోవచ్చు. పొడవు వైపు పైపు మధ్యలో కుంగుతుంది, అక్కడ అడ్డంగా ఇంకో పైపు వేయండి.

వల గడి నాలుగు నుంచి ఆరంగుళాలు ఉండాలి. మీ పిడికిలి కాయతో సహా అందులోంచి పైకి రావాలి, అదే కొలత. నర్సరీల్లో తీగలకు అమ్మే నైలాన్ వల సరిపోతుంది. చౌకగా దొరికిందని చేపల వల తేవద్దు. గడి చిన్నది, దారం సన్నం, లావెక్కిన కాండాన్ని కోసేస్తుంది. వలను వీణ తీగలా బిగించాల్సిన పనిలేదు, కానీ మధ్యలో చేత్తో నొక్కితే అంగుళం కంటే ఎక్కువ దిగకూడదు.

మొక్క ఐదారు ఆకులేశాక తల తుంచండి. పక్క కొమ్మలు వస్తాయి, నాలుగైదు బలమైనవి ఉంచుకోండి. ఒక్కో కొమ్మ వల దాటి అరచేయంత పైకి వచ్చాక, దాన్ని వల కిందికి దింపి, బయటి వైపు పక్క గడిలోంచి మళ్లీ పైకి తీయండి. మధ్య నుంచి అంచులకు, సైకిల్ చక్రం పుల్లల్లా. ఈ పని పొద్దున్నే చేయకండి. పొద్దున టమాటా కొమ్మ నీళ్లు పట్టి బిర్రుగా ఉంటుంది, వంచితే విరుగుతుంది. సాయంత్రం నాలుగు తర్వాత కాస్త మెత్తబడి మాట వింటుంది. కట్టడానికి పురికొస వాడండి, ఎనిమిది అంకెలా వదులుగా ముడి వేయండి. ప్లాస్టిక్ టై బిగిస్తే నెలలో కాండం లోపలికి దిగిపోతుంది. వల కింద వెలుతురు అందని పిలకలను, ముసలి ఆకులను వారానికోసారి తీసేయండి. మీ కిటికీ దగ్గర చేయి పట్టే దారి కూడా అలాగే మిగులుతుంది. పూత వచ్చాక పది పదకొండు గంటల ప్రాంతంలో పైపును వేలితో నాలుగు సార్లు కొట్టండి, ఆ అదురుకు పుప్పొడి రాలుతుంది.

ఎరువు దగ్గరకొద్దాం. 19:19:19 వద్దు. అందులో నత్రజనిలో సగానికి పైగా యూరియా రూపంలో ఉంటుంది. మట్టిలోనైతే సూక్ష్మజీవులు దాన్ని మొక్క తీసుకునే రూపంలోకి మారుస్తాయి, టబ్బులో ఆ పని సరిగా జరగదు. పైగా అందులో కాల్షియం లేదు. కాల్షియం అందకపోతే టమాటా అడుగున నల్లటి మచ్చ పడి కుళ్లుతుంది. జీవామృతం పోస్తే ఎలా ఉంటుందని కూడా రాశారు. పొలానికి పోయండి, టబ్బులో పోస్తే అందులో ఉన్న ప్రాణవాయువంతా అదే తినేస్తుంది.

డ్రిప్పు ఎరువులమ్మే కొట్లో నాలుగు పొడులు అడగండి: కాల్షియం నైట్రేట్, పొటాషియం నైట్రేట్ అంటే 13-0-45, మోనో పొటాషియం ఫాస్ఫేట్ అంటే 0-52-34, మెగ్నీషియం సల్ఫేట్. వీటితో పాటు ఐరన్ ఈడీటీఏ 12 శాతం, ఇంకా చీలేటెడ్ (నీటిలో కరిగి మొక్కకు అందే రూపంలో ఉండే) సూక్ష్మపోషకాల ప్యాకెట్ ఒకటి. రెండు సీసాలు సిద్ధం చేయండి. మొదటి సీసాలో లీటరు నీటికి కాల్షియం నైట్రేట్ 80 గ్రాములు, ఐరన్ 2 గ్రాములు. రెండో సీసాలో లీటరుకు పొటాషియం నైట్రేట్ 40, ఫాస్ఫేట్ 20, మెగ్నీషియం సల్ఫేట్ 40 గ్రాములు. సూక్ష్మపోషకాల మోతాదు ప్యాకెట్ మీద రాసినట్టే తీసుకుని నేరుగా టబ్బులో కలపండి. టబ్బులో లీటరు నీటికి ఒక్కో సీసా నుంచి 10 మిల్లీలీటర్లు, అంటే మీ 45 లీటర్లకు 450 చొప్పున. నారు దశలో ఇందులో సగమే.

రెండు సీసాలెందుకు, ఒకటే చేస్తే పోదా అనిపిస్తుంది. ఒక గాజు గ్లాసులో రెండు ద్రావణాలూ కొంచెం కొంచెం కలిపి చూడండి. నిమిషంలో పల్చటి మజ్జిగలా తెల్లబడుతుంది. కాల్షియం వెళ్లి సల్ఫేట్‌తో, ఫాస్ఫేట్‌తో కూడి సున్నంలా అడుగున కూర్చుంటుంది. అది మొక్కకు అందదు. టబ్బులోనూ ముందు నీళ్లు, తర్వాత మొదటి సీసా, బాగా కలిపాక రెండోది.

ఈ లెక్కకు ఉప్పులేని నీటిలో ఈసీ, అంటే నీటిలో కరిగిన ఉప్పుల చిక్కదనం కొలత, 1.9 దగ్గర వస్తుంది. మీ దగ్గరున్నది టీడీఎస్ పెన్ను అయితే, చాలా పెన్నుల్లో ఈసీ 2 అంటే 1000 అని చూపిస్తుంది. కాపు మీద ఉన్నప్పుడు 2.2, 2.5 దాకా పెంచొచ్చు. ఇక్కడే మన నీళ్లు ఇబ్బంది పెడతాయి. మీ బోరు నీరే పెన్ను మీద 700 చూపిస్తుంటే పోషకాలకు చోటెక్కడుంది? మంజీరా నీళ్లు (నగరంలో కుళాయికి వచ్చే నీళ్లు) వస్తుంటే అవే వాడండి. లేకపోతే బోరు నీళ్లలో సగానికి పైగా ఆర్వో నీళ్లు గానీ వాన నీళ్లు గానీ కలపండి. ఆర్వో మిషన్ బయటికి వదిలే నీళ్లు మాత్రం కాదు, అందులో ఉప్పు ఇంకా ఎక్కువ.

పీహెచ్, అంటే నీటి ఆమ్లత కొలత, 5.5, 6.5 మధ్య ఉండాలి. బోరు నీరు దాన్ని రోజూ పైకి లాగుతుంది. 7 దాటితే ఈడీటీఏ ఐరన్ నిలవదు, కొత్త ఆకులు ఈనెలు మాత్రం పచ్చగా ఉండి మిగతా అంతా పసుపెక్కుతాయి. పలుచన చేసిన ఫాస్ఫారిక్ యాసిడ్ చుక్కలుగా వేసి దించండి. పలుచన చేసేటప్పుడు యాసిడ్‌నే నీళ్లలో పోయాలి, నీళ్లను యాసిడ్‌లో కాదు. చేతికి గ్లౌజులు, కంటికి అద్దాలు. నిమ్మరసం, వెనిగర్ వేసేవాళ్లున్నారు. రెండు రోజులు పనిచేసినట్టే ఉంటుంది, సూక్ష్మజీవులు వాటిని తినేశాక పీహెచ్ మళ్లీ పాత చోటుకే వస్తుంది.

రోజూ మట్టం చూసి ఉత్త నీళ్లతో నింపండి. మట్టం తగ్గుతూ ఈసీ పెరుగుతోందంటే ద్రావణం చిక్కగా ఉంది, మొక్క నీళ్లే తాగుతోంది. ఈసీ పడిపోతుంటే ఆకలిగా ఉంది. రెండు వారాలకోసారి, మహా అయితే మూడు, కుళాయి తిప్పి మొత్తం వదిలేసి కొత్తది పోయండి. ఆ వదిలిన నీళ్లు కుండీల్లో పూల మొక్కలకు బ్రహ్మాండం.

వేడి గురించి ఒక్క మాట. 20 డిగ్రీల నీటిలో లీటరుకు 9 మిల్లీగ్రాముల ప్రాణవాయువు కరుగుతుంది, 30 డిగ్రీల్లో ఏడున్నరే. వేడెక్కేకొద్దీ వేరుకు అవసరం పెరుగుతుంది, నీటిలో దొరికేది తగ్గుతుంది. టబ్బును శ్లాబు మీద నేరుగా పెట్టకండి, ఇటుకలు పేర్చి పైన థర్మోకోల్ పలక వేసి దాని మీద పెట్టండి. చుట్టూ కూడా థర్మోకోల్ కడితే ఇంకా మంచిది. ఫిబ్రవరి చివరి నుంచి పైన 50 శాతం నీడనిచ్చే గ్రీన్ నెట్ కావాలి. అసలు మన దగ్గర దీనికి కాలం ఆగస్టు చివర నారు పోయడం, సెప్టెంబరు మధ్యలో టబ్బులోకి మార్చడం. డిసెంబరు నుంచి మార్చి దాకా కాయలు కోస్తారు. రాత్రిళ్లు కూడా 24 డిగ్రీలు దాటే రోజులొస్తే పూత రాలిపోతుంది, ఏ ఎరువూ దాన్ని ఆపలేదు. ఉత్సాహంగా ఉందని ఏప్రిల్‌లో మొదలుపెట్టకండి. అప్పటిదాకా టబ్బు, ఫ్రేము చేసి కుళాయి కారకుండా చూసుకుంటూ ఉండండి.

ఇంకో సంగతి, పని ఉన్నది కాదు గానీ మీకు నచ్చుతుంది. 1930లలో కాలిఫోర్నియాలో విలియం గెరిక్ అనే శాస్త్రవేత్త ఇలాంటి నీటి తొట్టెల్లోనే టమాటాలు పెంచాడు. మొక్కలెంత ఎత్తు పెరిగాయంటే నిచ్చెన వేసుకుని కాయలు కోశారు. హైడ్రోపోనిక్స్ అన్న మాటను వాడుకలోకి తెచ్చింది ఆయనే. ఆయన కూడా తొట్టె మీద ఇనప వలే పరిచాడు, కాకపోతే పైకి పాకించడానికి కాదు, గడ్డీ గాదం పరిచి మొక్క మొదలు నిలపడానికి. నీటికీ వలకూ మధ్య కాస్త ఖాళీ కూడా వదిలేవాడు.

పంట అయిపోయాక తొందరపడి పచ్చి తీగలను వలలోంచి లాగొద్దు, వల చిరుగుతుంది. మూత దగ్గర మొదలు కోసేసి, పంపు ఆపేసి, వారం పది రోజులు అలాగే ఎండనివ్వండి. ఎండిన కొమ్మలు చేత్తో నలిపితే పొడిపొడిగా రాలిపోతాయి. వల బ్లీచింగ్ నీళ్లలో నానబెట్టి, కడిగి, నీడన మడిచి పెట్టుకోండి. నాది ఒకటే వల, ఐదో పంటకు వాడుతున్నాను.